ఫ్యాన్లు ఆగిన అరగంట

ఒకటో రోజు. పెద్ద తొట్టి మట్టం: 9.10 మీటర్లు

ఈ పుస్తకంలో తేదీ, మట్టం, సంతకం తప్ప ఇంకేమీ రాయకూడదని మొదటి పేజీలోనే అచ్చు వేసి ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా అంతే రాశాను. ఇవాళ మాట్లాడటానికి ఏ గొంతూ దొరక్క ఇక్కడ రాస్తున్నాను. ఇష్టం లేనివాళ్ళు పేజీ తిప్పుకోవచ్చు.

నా పేరు చౌడమ్మ. వయసు అరవై ఒకటి. లోనూరు నీటి లైను మీద పని. నాకు ముక్కు మీద కోపమని ఊళ్ళో అందరూ అంటారు. నిజమే అనుకోండి.

పొద్దున డాక్టర్ సువర్చల నా చెవుల్లో లైటు వేసి చూసింది. రెండిట్లోనూ చీము పట్టిందట. నెల రోజులు తోడు పెట్టుకోకూడదని చెప్పి, రెండు గింజలూ ఊడదీసి డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది. మరి నెల రోజులు నేనేం చెయ్యాలని అడిగాను. ఊరికే ఉండండి, అంది. ఊరికే ఉండటం ఎలాగో మందుచీటీ మీద రాసివ్వమన్నాను. నవ్వి పంపేసింది.

తోడు అంటే చిక్కుడు గింజంత వస్తువు. పైన ఎండకు తాళలేక ఈ పాత గని సొరంగాల్లోకి దిగిన రోజునే మా అందరి చెవుల్లో పెట్టారు. లేవాల్సిన వేళ చెప్తుంది, పైన ఎండ ఎంత ఉందో చెప్తుంది, ఎదురుగా వచ్చే మనిషి పేరు చెప్తుంది. చెప్పడానికి ఏమీ లేకపోతే పాట వేస్తుంది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే ఇంకా మెత్తని పాట వేస్తుంది. అది నోరు మూసుకున్న నిమిషం నాకు గుర్తు లేదు.

ఇంటికి వస్తుంటే మొదటిసారి ఫ్యాన్ల హోరు విన్నాను. పై నుంచి గాలి లాగే ఆరు పెద్ద ఫ్యాన్లు. ఇన్నాళ్ళూ ఈ రోలు తిప్పినట్టుండే మోతలోనే బతికామా అనుకున్నాను.

పని సంగతి. ఊరంతటికీ నీళ్ళిచ్చే తొట్టి నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు దిగింది. వారంగా ఇదే వరస. పైపుల మీద ఉన్న సెన్సర్లన్నీ లీకు లేదనే అంటున్నాయి. మట్టం నాలుగు మీటర్లకు వస్తే ఊరు ఖాళీ చెయ్యాలని నియమం. అప్పుడు పదకొండు వందల మందికీ చీటీలు తీసి నాలుగు ఊళ్ళకు పంచుతారు. అక్కకు ఒక ఊరు రావచ్చు, చెల్లెలికి ఇంకో ఊరు రావచ్చు. చీటీకి బంధుత్వాలు తెలియవు.

రెండో రోజు. 8.86

తోడు తీసేస్తే ప్రశాంతంగా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ప్రశాంతం లేదు, పాడూ లేదు. బయటి గొంతు ఆగిందో లేదో లోపలి గోల మొదలైంది. సగం సగం పాటలు, ఎప్పటెప్పటి పోట్లాటలు. నలభై ఏళ్ళ కిందట మా అత్తతో ఉప్పు డబ్బా గురించి జరిగిన గొడవ మళ్ళీ మొదటి నుంచీ జరిగింది. ఈసారి నేనే గెలిచాను. అయినా తృప్తి లేదు.

సాయంత్రం ఇమాంబీ వచ్చింది. పక్కింటావిడ, నాకంటే రెండేళ్ళు చిన్న. ఊరంతటికీ వంటశాల ఆమెదే. నోట్లో నువ్వు గింజ నానదు. చెవిలో తోడు దాని మాట అది చెప్తూనే ఉంటుంది, ఈమె మాట ఈమె చెప్తూనే ఉంటుంది, ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినరు. నా ఖాళీ చెవుల వంక దిగంబరంగా తిరుగుతున్న మనిషిని చూసినట్టు చూసింది.

"అక్కా, నీకు భయం కాలేదా?" అంది.

లేదన్నాను. అది అబద్ధం.

నాలుగో రోజు. 8.38

లోపలి గోల నిన్న మధ్యాహ్నం తానంతట తానే అలిసిపోయింది. నేనేమీ చెయ్యలేదు. తొట్టి మెట్ల మీద కూర్చుని ఉంటే చివరి పోట్లాట కూడా లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మిగిలింది ఏమిటో చెప్పడం నాకు రాదు. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది లోపల.

పగటి దీపాలు వెలిగేదాకా కదలకుండా నిద్రపోయాను. చాలా ఏళ్ళయింది అలా పడుకుని. ఇవాళ వంటశాలలో రాగి సంగటి, పుట్టగొడుగుల పులుసు. మొదటి ముద్దకే ఉప్పు తగిలింది. ఇమాంబీని పిలిచి, పులుసులో ఉప్పెక్కువైందని చెప్పాను. ముప్పై ఏళ్ళుగా అదే లెక్క, ఎవ్వరూ ఏమీ అనలేదే అంది. చెవిలో పాట మోగుతుంటే నాలుకను ఎవరు పట్టించుకుంటారే అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. మజ్జిగ పొయ్యకుండానే వెళ్ళిపోయింది.

ఆరో రోజు. 7.90

ఇవాళ ఒక సంగతి జరిగింది. రాయాలా వద్దా అని సాయంత్రం దాకా చూశాను.

రెండో సొరంగంలో పైపు తుడుస్తున్నాను. చేతుల్లో పని ఉంది, మనసులో ఏమీ లేదు. ఉన్నట్టుండి నా మొగుడు ఓబులేసు గొంతు గుర్తొచ్చింది. మనిషి ముఖం నాకు ఎప్పుడూ గుర్తే, ఫోటో ఉంది కాబట్టి. గొంతు మాత్రం పోయింది. ఎంత వెతికినా దొరికేది కాదు. ఇవాళ వెతక్కుండానే వచ్చింది. మాట మొదలుపెట్టే ముందు చిన్నగా దగ్గేవాడు, ఆ దగ్గుతో సహా వచ్చింది. పైపు పట్టుకుని అక్కడే ఏడ్చాను. దుఃఖం కాదు అది, దొరికిందన్న సంతోషం.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఏడో సొరంగం కూలింది. లోపల ఏడుగురు ఉండిపోయారు, పంపు చూసుకునే ఓబులేసు వాళ్ళలో ఒకడు. మూడో రోజున తవ్వి తీసేసరికి ఒక్కడే బతికి ఉన్నాడు. అతను చెప్పాడు: ఓబులేసు ఒకటిన్నర రోజు పాటు "ఉన్నాం, ఉన్నాం" అని అరుస్తూనే ఉన్నాడట. ఫ్యాన్ల హోరులో బయట ఎవ్వరికీ వినపడలేదు. ఆ తర్వాత ఏడో సొరంగానికి గోడ కట్టేశారు, ఊళ్ళో ఒక ఆచారం పెట్టారు. ఫ్యాన్లు ఆగాయంటే ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడి గొంతెత్తి "ఉన్నాం" అని అరవాలి. నడక రాని పిల్లలకు కూడా ముందు ఇదే నేర్పుతారు.

ఆ గోడ దగ్గరికి నేను ఏడాదికి ఒక్కసారి, అందరితో పాటు వెళ్తాను. మిగతా రోజుల్లో అటు ఆలోచన కూడా పోనివ్వను. పోబోతే తోడు మెత్తని పాట వేసేది.

తొమ్మిదో రోజు. 7.18

నేటి నుంచి ఇంటికి సగం నీళ్ళే.

మా గురువు వదిలిపోయిన కడ్డీ ఒకటి నా దగ్గర ఉంది. నాలుగడుగుల ఉక్కు కడ్డీ, పై కొసకు ఇత్తడి గిన్నె. సెన్సర్లు రాకముందు పైపు మీద దీన్ని ఆనించి, గిన్నె చెవికి పెట్టుకుని లీకులు పట్టేవాళ్ళు. నేను దాన్ని తలుపుకు గడియగా వాడుతున్నాను. ఇవాళ తీసి తుడిచి నడివీధిలో రాతికి ఆనించి, గిన్నె దవడ ఎముకకు పెట్టుకున్నాను. చీము పట్టిన చెవులు కదా, ఎముకే దిక్కు.

ఫ్యాన్ల అదురు రాయి అంతటా ఉంది. దాని అడుగున, చాలా కింద, ఇంకొకటి ఉంది. సన్నగా, తెగకుండా, చాటలో ఇసుక జారినట్టు. నీళ్ళు పారుతున్నాయి. ముప్పై నాలుగేళ్ళ పనిలో ఆ చప్పుడు నాకు తెలియకపోతే ఇంకేం తెలిసినట్టు.

ఎటు నుంచి వస్తోందో మాత్రం తేలలేదు. నాలుగు చోట్ల పెట్టి చూశాను. అన్ని చోట్లా ఫ్యాన్ల అదురే పైకి వస్తోంది.

పదో రోజు. 6.98

నీళ్ళు సగానికి కోత పెట్టినా తొట్టి దిగడం ఆగలేదు. జానెడులో రెండు వేళ్ళు తగ్గిందంతే. అంటే తాగుతున్నది మనుషులు కాదు. పొద్దున్నే ఊరి పెద్ద ఎర్రిస్వామి దగ్గరికి వెళ్ళాను. నలభై ఐదేళ్ళవాడు, మంచివాడు. మంచివాడు కాబట్టే దేనికీ వెంటనే ఔననడు.

అరగంట ఫ్యాన్లు ఆపించమని అడిగాను. ఆ అరగంటా ఊళ్ళో ఎవ్వరూ మాట్లాడకూడదు, నడవకూడదు, గిన్నె కదపకూడదు, తోడులన్నీ ఆపాలి. అప్పుడు కడ్డీతో లీకు ఎక్కడుందో చెప్తాను. ఫ్యాన్లు లేకుండా నలభై నిమిషాలు గాలికి ఢోకా లేదని ఇంజనీర్లే రాసిపెట్టారు.

అతను నా కడ్డీ వంక చూశాడు, గోడ మీద సెన్సర్ల పటం వంక చూశాడు. పటమంతా పచ్చ దీపాలే.

"చౌడక్కా, మిషన్లకు దొరకంది నీ కట్టెకు దొరుకుతాదంటావా?"

"మిషన్లు పెట్టినచోటే వింటాయప్పా. పెట్టనిచోటు సంగతి వాటినెట్ల అడుగుతావు?"

చాలాసేపు ఆలోచించి, పదమూడో రోజు మధ్యాహ్నం మూడింటికి సరే అన్నాడు. రెండు రోజుల పాటు అందరి తోడుల్లోనూ గంట గంటకూ చెప్పిస్తానన్నాడు.

పదమూడో రోజు. 6.38

సిగ్గు విడిచి రాస్తున్నాను.

మూడు గంటలకు తోడులు ఆగాయి. ఊరు ఊరంతా ఇళ్ళ ముందు కూర్చుంది. నేను నడివీధిలో కడ్డీ పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఎర్రిస్వామి చెయ్యెత్తాడు. ఫ్యాన్లు ఒకటి తర్వాత ఒకటి నెమ్మదించి ఆగిపోయాయి.

అంతే. "ఉన్నాం" అని పదకొండు వందల గొంతులు లేచాయి.

ఎవరినని తిట్టను? మొదట అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. నోరు దానంతట అదే తెరుచుకుంది. ఒక సొరంగం అరుపు విని ఇంకో సొరంగం నిజంగానే ఏదో కూలిందనుకుంది. పిల్లలు ఏడుపు, పెద్దవాళ్ళు పరుగు. మూడో సొరంగంలో ముసలాయన కదిరప్ప జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆరో నిమిషానికి ఎర్రిస్వామి మళ్ళీ ఫ్యాన్లు వేయించాడు. కడ్డీకి నేను దవడ ఆనించనే లేదు.

పద్నాలుగో రోజు. 6.18

ఎర్రిస్వామి కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేది. ఇంకోసారి కుదరదక్కా అని మాత్రం చెప్పి తల దించుకున్నాడు. మధ్యాహ్నం చీటీలు తీశారు. ఇరవై ఐదో రోజుకు మట్టం నాలుగుకు దిగుతుంది, ఆ రోజే బండ్లు వస్తాయట.

నాకు పడమర దిక్కున గుట్టల కింద ఉన్న ఊరు వచ్చింది. ఇమాంబీకి సముద్రం పక్కది వచ్చింది. మధ్యలో ఎండ తప్ప ఏమీ లేని ఆరు వందల కిలోమీటర్లు. నాకు పిల్లల్లేరు, ఆమెకు ఎవ్వరూ లేరు. ముప్పై ఏళ్ళుగా నా జ్వరానికి ఆమె కషాయం, ఆమె నడుం నొప్పికి నా చేతులు. చీటీ చదువుకుని ఇమాంబీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె నోట మాట రాకపోవడం నేను అప్పుడే చూశాను. చాలా భయమేసింది.

పదహారో రోజు. 5.78

ఇవాళ వంటశాల మూసే వేళకు వెళ్ళి ఇమాంబీ ఎదురుగా కూర్చున్నాను. నాతో పాటు పది నిమిషాలు తోడు తీసేసి నోరు మూసుకుని కూర్చోగలవా అని అడిగాను. తమాషాకు కాదని చెప్పాను. జనం అరిచింది చెడ్డతనంతో కాదు, నిశ్శబ్దం అంటే వాళ్ళకు చావు కాబట్టి. దాన్ని ఒక్కసారైనా మంచిగా చూసి ఉంటే అరవరు. నేను మాత్రం చూసింది ఎప్పుడు? చెవిలో చీము పట్టాకే కదా.

ఆమె గింజలు తీసి ఉప్పు గిన్నెలో పడేసింది. మొదటి నిమిషంలోనే మూడుసార్లు నోరు తెరిచి మూసింది. మూడో నిమిషంలో కాళ్ళూపింది. అయిదో నిమిషంలో చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. నేను మెల్లగా నొక్కాను. ఆమె తిరిగి నొక్కింది. ఆ తర్వాత ఆ మనిషి అలాగే కదలకుండా కూర్చుంది, పది నిమిషాలు కాదు, పాతిక.

లేచి వెళ్ళి మిగిలిన పులుసు ఒక గరిటె నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"నిజమేనే అక్కా. ఉప్పు శానా ఎక్కువ ఉండాది. ఇన్నేండ్లు ఎట్ల తిన్నారే మీరంతా?"

ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే నాకు దారి దొరికింది. నోటితో చెప్పే "ఉన్నాం" చేత్తోనూ చెప్పొచ్చు.

పద్దెనిమిదో రోజు. 5.38

ఇమాంబీ తలుచుకుంటే ఆగేది కాదు. వంటశాల తలుపు దగ్గర ఒక బుట్ట పెట్టి, తోడు అందులో వెయ్యనివాళ్ళకు అన్నం పెట్టనని చెప్పింది. తిట్టారు, గొణిగారు, ఆకలికి ఆగలేక వేశారు. తిన్నంతసేపూ మాట లేదు. పక్కవాళ్ళ ఎడమ చెయ్యి పట్టుకోవాలి, భయమేస్తే నొక్కాలి, నొక్కితే తిరిగి నొక్కాలి. అంతే పాఠం.

మొదటి పూట ఒక్క నిమిషం దాటలేదు. ఎవరో నవ్వారు, ఇంకెవరో ఏడ్చారు. నిన్న రాత్రి భోజనానికి ఏడు నిమిషాలు. ఇవాళ మధ్యాహ్నం అన్నం అయిపోయినా ఎవ్వరూ లేవలేదు. డాక్టర్ సువర్చల నా దగ్గరికి వచ్చి, నిద్రమాత్రలు అడగడానికి రోజూ వచ్చే నలుగురు నిన్న రాలేదని చెప్పింది. పుట్టినప్పటి నుంచీ ఒకే వీధిలో ఉన్న అన్నదమ్ములిద్దరు, ఎనిమిదేళ్ళుగా మాటలు లేనివాళ్ళు, ఎదురెదురుగా కూర్చుని ఏడ్చి, మాట్లాడుకోకుండానే కలిసి బయటికి వెళ్ళారు. విరిగిన చేత్తో కదిరప్ప కూడా వచ్చాడు. నా వంక చూసి గడ్డం ఊపాడు. తిడతాడనుకున్నాను నేను.

ఇరవయ్యో రోజు. 4.98

ఎర్రిస్వామి ఆఖరి పంక్తిలో కూర్చుని తిన్నాడు. అతని చెయ్యి నా చేతిలో ఉంది, మొదట చల్లగా ఉంది, పోను పోను వెచ్చబడింది. తిన్న తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. ఇంకోసారి ఫ్యాన్లు ఆపుదామంటే జనం ఒప్పుకుంటారు గానీ ఆ ఆచారాన్ని కాదనే ధైర్యం తనకు లేదన్నాడు. "ఉన్నాం" అనే మాట చచ్చిపోయినవాళ్ళ కోసం పెట్టుకున్నది, ఫ్యాన్లు ఆగినప్పుడు అరవొద్దని తను ఏ నోటితో చెప్పాలి?

"నా మొగుని కోసం పెట్టింది కదప్పా అది. నేను చెప్తా," అన్నాను.

మధ్యాహ్నం నడివీధిలో బల్ల ఎక్కి నిలబడ్డాను. ఉపన్యాసాలు నాకు చేతకావు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఓబులేసు అరవకపోవడం వల్ల చావలేదు, బోలెడు అరిచాడు. వినే చెవి లేక చచ్చిపోయాడు. మనం అరవడం నేర్చుకున్నాం, వినడం నేర్చుకోలేదు. రేపు అరగంట ఆయన కోసం వినండి. ఉన్నామని చెప్పాలనిపిస్తే పక్కవాళ్ళ చెయ్యి నొక్కండి.

ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు. కదిరప్ప ముందుకొచ్చి తన మంచి చేత్తో నా చెయ్యి నొక్కి వెళ్ళాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. చివరికి నా వేళ్ళు వాచిపోయాయి.

ఇరవై ఒకటో రోజు. 4.78

మూడు గంటలు.

వీధి పొడవునా, సొరంగాల పొడవునా జనం నేల మీద వరసగా కూర్చున్నారు, చేతులు పట్టుకుని. చంటిపిల్లలు తల్లుల రొమ్ముల దగ్గర. ఫ్యాన్లు ఆగాయి. అందరి గొంతుల్లోకీ ఆ మాట రావడం నాకు కనిపించింది. మెడలు బిగిశాయి, పెదవులు కదిలాయి. తర్వాత ఈ చివర నుంచి ఆ చివరికి చేతులు నొక్కుకుంటూ పోయాయి.

ఒక్క గొంతు లేవలేదు.

చీమ చిటుక్కుమన్నా వినపడేట్టు ఉంది ఊరు. పదకొండు వందల మంది ఉన్నారు, అందరూ నా కోసం ఊపిరి బిగబట్టారు. అంత మంది ఒక్కసారి నన్ను మోస్తున్నట్టు అనిపించింది. కాళ్ళ కింద నేల అదరడం ఆగిపోయింది. కడ్డీ ఆనించాను. ఇసుక జారే చప్పుడు ఇప్పుడు స్పష్టంగా ఉంది.

ఒకటో సొరంగం మొదట్లో సన్నగా, మూడో దాని దగ్గర ఇంకా సన్నగా. వెనక్కి వచ్చి వీధి అవతలి వైపు సొరంగాలకు వెళ్ళాను. అయిదో దాని దగ్గర కాస్త పెరిగింది. ఆరో దాని దగ్గర ఇంకా పెరిగింది. ఇరవై రెండు నిమిషాలు అయ్యాయి. అప్పుడు నాకు అర్థమైంది ఎటు వెళ్ళాలో, కాళ్ళు ఆగిపోయాయి.

ఆరు తర్వాత ఏడు.

గుండె దడదడలాడింది. మెత్తని పాట వెయ్యడానికి చెవిలో ఏమీ లేదు. దడనే వింటూ నడిచాను. నడుస్తుంటే పాత సంగతి ఒకటి పైకి వచ్చింది. గని రోజుల్లో దుమ్ము అణచడానికి ఏడో సొరంగంలోకి ఒక పైపు ఉండేది. సొరంగం మూసినప్పుడు దానికి వాల్వు వేసి వదిలేశారు. కొత్త పటాల్లో అది లేదు, పటాల్లో లేనిచోట సెన్సర్లూ లేవు. నాకు తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ అటు తలచుకోలేదు. తప్పు సెన్సర్లది కాదు, నాది.

ఆ గోడకు కడ్డీ ఆనించి దవడ పెట్టాను. పళ్ళు జివ్వుమన్నాయి. గోడ అవతల నీళ్ళు ధారగా పడుతున్నాయి. నేల మీద పడుతున్నట్టు కాదు, నీళ్ళలో నీళ్ళు పడుతున్నట్టు.

ఓబులేసూ, విన్నాను, అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా.

కేక వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. ఎర్రిస్వామి దగ్గరికి నడిచి వెళ్ళి అతని చెయ్యి రెండుసార్లు గట్టిగా నొక్కి, గోడ వైపు వేలు చూపించాను. అరగంట పూర్తయ్యేదాకా ఎవ్వరూ కదల్లేదు. అయ్యాక కూడా కాసేపు కదల్లేదు. ఈ ఊళ్ళో నేను ముప్పై నాలుగేళ్ళు బతికాను, అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.

ఇరవై మూడో రోజు. 4.38

గోడ పగలగొట్టడానికి రెండు రోజులు పట్టింది. మొదటి దెబ్బ నన్నే వెయ్యమన్నారు. వేశాను. ఇమాంబీ నా నడుం పట్టుకుని నిలబడింది.

లోపల, సొరంగం కిందికి వాలినచోట, చెరువంత నీళ్ళు. అడుగున గట్టి రాయి కాబట్టి ఒక్క చుక్క ఇంకలేదు. మా తొట్టి నుంచి పోయిందంతా అక్కడే, దీపాల వెలుగులో నల్లగా నిలబడి ఉంది. తుప్పు పట్టి ఊడిన వాల్వు నేనే నా చేతుల్తో తీసి కొత్తది బిగించాను. ధార ఆగిపోయింది. అప్పుడు ఆ సొరంగంలో వచ్చిన నిశ్శబ్దాన్ని ఎవ్వరూ చెడగొట్టలేదు.

ఇరవై నాలుగో రోజు. 4.38

మళ్ళీ చూశాను. మూడుసార్లు చూశాను. నిన్న ఎంతో ఇవాళా అంతే.

ఎర్రిస్వామికి పుస్తకం చూపించాను. రెండు అంకెలనూ వేలితో తడిమి చూశాడు. తర్వాత చీటీల డబ్బా తెచ్చి వంటశాల పొయ్యిలో బోర్లించాడు. ఆ మంట మీదే ఇమాంబీ అందరికీ టీ కాచింది. బండ్లు రావద్దని కబురు వెళ్ళింది.

ముప్పయ్యో రోజు. 6.20

ఏడో సొరంగంలో నీళ్ళు పంపు పెట్టి తొట్టికి ఎక్కిస్తున్నారు. ఇంటికి మళ్ళీ నిండుగా నీళ్ళు ఇచ్చినా మట్టం పెరుగుతోంది.

డాక్టర్ సువర్చల చెవులు చూసి, నయమైంది, తోడు పెట్టుకోవచ్చంది. పొద్దున లైను మీద పనికి వెళ్ళేటప్పుడు పెట్టుకున్నాను, పైన ఎండ ఎంతో తెలియాలి కదా. మధ్యాహ్నం తీసి డబ్బాలో పెట్టాను. ఇప్పుడు ఊరంతా అంతే. రోజూ మూడింటికి ఫ్యాన్లు పది నిమిషాలు ఆపాలని అందరూ కలిసి తీర్మానించారు. నేను అడగలేదు. ఆ వేళకు పొయ్యి మీద ఉన్నది దించేసి, చేతిలో ఉన్నది పక్కన పెట్టి, వచ్చి కూర్చుంటున్నారు. పులుసులో ఉప్పు సరిపోయింది.

పాత ఆచారాన్ని కూడా వదల్లేదు. పది నిమిషాల మౌనం అయ్యాక, ఫ్యాన్లు వేసే ముందు, అందరం ఒక్కసారి అరవాలని కదిరప్ప చెప్పాడు. ఇవాళ మొదటిసారి.

పగలగొట్టిన గోడ ముందు కూర్చున్నాం. ఇమాంబీ చెయ్యి నా చేతిలో ఉంది. పది నిమిషాలు అయ్యాయి. లేచి నిలబడి, ఛాతీ నిండా గాలి తీసుకుని అందరం అరిచాం: "ఉన్నాం!"

అరిచి, విన్నాం. గోడ లేదు కదా ఇప్పుడు. మా అరుపు ఏడో సొరంగం చివరిదాకా పోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత, లోపలి నుంచి, నీళ్ళ మీదుగా, మెల్లగా తిరిగి వచ్చింది.

ఉన్నాం.

ఇమాంబీ నా చెయ్యి నొక్కింది. విన్నానని నేనూ నొక్కాను.